బెత్తెడు బుద్ధుడు

మార్చి 3, ఆదివారం

ఈ పుస్తకం నా కాన్వాసు పని గురించి రాసుకోవడానికి మాత్రమే. ఏ రోజు ఎంతసేపు కూర్చున్నాను, ఏ రంగు కలిపాను, ఏది కుదిరింది, ఏది చెడింది. ఇంటి సంగతులు, స్కూలు సంగతులు ఇందులో రాయకూడదు. పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకి డ్రాయింగు నేర్పుతున్నవాణ్ణి. ఆ మాత్రం క్రమశిక్షణ నాకే లేకపోతే ఎలా?

ఈరోజు పని జరగలేదు. కాన్వాసు మీది గుడ్డ తీశాను, చూశాను, మళ్ళీ కప్పేశాను. పాత ఆకుపచ్చ పూల కర్టెనే ఇప్పటికీ దానికి దుప్పటి. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఎలా మడిచినా పైకే వస్తుంది.

పని జరగకపోవడానికి కారణం చేపలు. ఆఖరిది కూడా నిన్న చచ్చిపోయింది. గాజుతొట్టి ఖాళీ చేస్తుంటే అడుగున గులకరాళ్ళ మధ్య కూర్చున్న బుద్ధుడు బయటపడ్డాడు. బెత్తెడు ఉంటాడు. రెండేళ్ళు నీళ్ళలో మునిగి ఉన్నాడు కదా, చెవుల వెనకా, చేతివేళ్ళ సందుల్లోనూ పచ్చగా పాచి. పారేద్దామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "పాచి సంగతి నాకొదిలేయండి, మా డాక్టరమ్మ రోజూ తీసేది అదేగా" అంటూ పాత టూత్‌బ్రష్ పట్టుకుని సింకు దగ్గర కూర్చుంది. పళ్ళాసుపత్రిలో రిసెప్షన్ బల్ల దగ్గర ఏడేళ్ళుగా పనిచేస్తోంది. పళ్ళు తోమించుకునేవాడిలా బుద్ధుడు బుద్ధిగా తోమించుకున్నాడు.

సాయంత్రం ఆమ్లెట్ వేసుకుందామని ఫ్రిజ్ తీస్తే, గుడ్ల ట్రేలో పదకొండు గుడ్లూ, పన్నెండో గుంటలో బుద్ధుడూ. మెడదాకా దిగి, గుండ్రటి జుట్టుముళ్ళు మాత్రం పైకి పెట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళలో తానూ ఒకడైనట్టు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఉలిక్కిపడ్డాను. తలుపు చాటున తల్లీ కూతురూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. మా ఆవిడ ఫోన్‌తో ఫోటో తీసింది.

నేనూ నవ్వాను. నవ్వలేదని ఎవరూ అనలేరు.

మార్చి 5, మంగళవారం

పని జరగలేదు. బుద్ధుడు సబ్బుపెట్టెలో ఉన్నాడు. నడుందాకా నురగ.

మార్చి 9, శనివారం

మా ఆవిడ బుద్ధుణ్ణి ఆసుపత్రికి కూడా తీసుకుపోతోంది. చేతిరుమాల్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో, అన్నం డబ్బా పక్కన. పేరు కూడా పెట్టింది, 'పెద్దాయన' అని. బెత్తెడు మనిషికి ఆ పేరు. "పెద్దాయన ఇవాళ బస్సెక్కారండీ" అంటూ ఇంటికొస్తుంది.

చెప్పులు విప్పకుండానే ఫోన్ నా చేతిలో పెడుతుంది. "ముందు మీరు చూడాలి. తర్వాతే పిడుక్కి." పిడుగు అంటే మా అమ్మాయి, పదమూడేళ్ళది.

ఈరోజుది బస్టాపులో తీసింది. ఇనప బెంచీ మీద ఒక లావుపాటి ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. ఆమె పక్కన జాగా వదిలి, ఒళ్ళో టికెట్టుతో పెద్దాయన. ఇద్దరి కళ్ళూ ఒకేలా మూసుకుని ఉన్నాయి. ఆవిడ ముఖంలో ఆ ప్రశాంతత ముందు నుంచీ ఉందా, బుద్ధుణ్ణి పక్కన పెట్టాక వచ్చిందా అని చాలాసేపు చూశాను.

ఇంకొకటి పళ్ళ కుర్చీలో. పెద్ద కుర్చీ నడిమధ్య, తలకింద చిన్న దూది దిండుతో కూర్చున్నాడు.

"ఎలా ఉంది?"

"వెనక దీపం మరీ ఎక్కువైంది. తల అంచులు కొట్టుకుపోయాయి" అన్నాను.

"అదేనండీ..." అని ఆగిపోయింది.

తర్వాత నాకు కనబడింది. డాక్టరు వాడే ఆ గుండ్రటి దీపం సరిగ్గా తల వెనక ఉంది. కాంతిచక్రం. అనేశాక కనబడింది. దిద్దుకోలేదు. టీచరు మాట వెనక్కి తీసుకుంటే పిల్లలు నెత్తికెక్కుతారు. తను పిల్ల కాదు, నిజమే.

మార్చి 14, గురువారం

డాక్టరమ్మ నాలుగు ఫోటోలు అచ్చు వేయించి, ఫ్రేములు కట్టించి, పేషెంట్లు కూర్చునే గదిలో తగిలించిందట. నొప్పితో దవడ పట్టుకుని వచ్చినవాళ్ళు నవ్వబోయి "అబ్బా" అంటున్నారట. తను చెబుతూ నవ్వుతోంది.

పళ్ళాసుపత్రి గోడ. అంతేగా.

కాలేజీ ఆఖరి ఏడు నా బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది. రేవులో తిరగేసిన పడవల బొమ్మ. చూడ్డానికి పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చారు. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

మార్చి 19, మంగళవారం

స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు పన్ను పీకించుకుని, బుగ్గలో దూదితో వచ్చాడు. వచ్చీరాని మాటతో "ఆ ఫోటోలు చూసి మీరే తీశారనుకున్నానండీ. కళాకారులు కదా అని. మీ ఆవిడంటగా!" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు.

"అవునండీ, తనకి కాలక్షేపం" అన్నాను.

కాలక్షేపం అన్న మాటలో తప్పేముంది? తను కూడా అదే అంటుంది. కానీ తను అంటే వేరు.

ఇంటికొచ్చి గుడ్డ తీశాను. గంట కూర్చున్నాను. పిడుగు వచ్చి "నాన్నా, ఇది కొండా, మేఘమా?" అంది. మూడేళ్ళ నుంచీ నాదీ అదే ప్రశ్న. దాని మీద అరిచాను.

మార్చి 24, ఆదివారం

రాయాలా వద్దా అనుకున్నాను. ఎవరు చూస్తారు గనక.

తనూ పిడుగూ చెప్పులు కొనడానికి వెళ్ళారు. పెద్దాయన కిటికీ గట్టు మీద ఉన్నాడు. నేనూ తీద్దామనుకున్నాను. ఊరికే. పోటీ ఏం కాదు. కూర్పు, వెలుతురు, దూరం, వీటి గురించి నాకు తెలిసినంత తనకి తెలియదు కదా.

ముందు నా బ్రష్‌ల డబ్బా పక్కన పెట్టాను. బాగాలేదు. టేబుల్ ఫ్యాను ముందు పెట్టాను. బూట్లో కూర్చోబెట్టాను. లిఫ్టులోకి తీసుకెళ్ళి, అందని మీటల వంక చూస్తున్నట్టు నేలమీద పెట్టాను. ఆలోచన మంచిదే, కాదనను. మూడో అంతస్తు ఆవిడ కూరగాయలతో ఎక్కి "ఏం పడిపోయిందండీ మాస్టారూ?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. తాళంచెవి అన్నాను. ఇద్దరం కలిసి కాసేపు వెతికాం.

మొత్తం నలభై ఒక్క ఫోటోలు. అన్నిట్లోనూ వెలుతురు సరిగ్గా ఉంది. అంచులు సరిగ్గా ఉన్నాయి. ఒక్కదానికీ నవ్వు రాదు. నేను పెడితే బొమ్మ. తను పెడితే మనిషి.

అన్నీ చెరిపేశాను. వాణ్ణి గట్టు మీద ఎక్కడున్నాడో అక్కడే పెట్టాను. తను వచ్చీ రాగానే "పెద్దాయన ఎటు తిరిగారేంటి?" అంది. నేను పేపరు చదువుతున్నాను.

మార్చి 30, శనివారం

మంచి వార్త. టౌన్‌హాల్‌లో ప్రతి ఏడూ జరిగే చిత్రకళా ప్రదర్శనకి ఎంపిక సంఘంలో నన్ను వేశారు. ముగ్గురమే. కార్యదర్శి గారు, రాతిశిల్పాలు చెక్కే పెద్దావిడ, నేను. ఈ పట్నంలో నన్ను గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

తను సంతోషించింది. నిజంగానే సంతోషించింది, నటన కాదు. టీ పెట్టి, ఎదురుగా కూర్చుని, గ్లాసు అంచు వేలితో తుడుస్తూ అడిగింది.

"ఫోటోలు కూడా తీసుకుంటారా అందులో?"

"తీసుకుంటారు."

"ఎవరివో మీకు తెలుస్తుందా?"

"తెలియదు. పేరూ, శీర్షికా కవర్లో వేసి అంటిస్తారు. కార్యదర్శి దగ్గరుంటుంది. మాకు కనబడేవి అంకెలే."

"మంచి పద్ధతే" అంది.

ఏప్రిల్ 6, శనివారం

పని జరగలేదు. తను ఏదో దాస్తోంది. నేను గదిలోకి వస్తే తల్లీ కూతురూ మాట మారుస్తున్నారు. వారం నుంచి ఫోన్ నా చేతిలో పెట్టడం లేదు.

నాకేం. నేను అడగను.

ఏప్రిల్ 13, శనివారం

అంతా రాయాలి. జరిగింది జరిగినట్టు.

టౌన్‌హాల్ మేడమీద పొడుగు బల్ల. పొద్దున పదింటికి మొదలుపెట్టాం. మొత్తం అరవై నాలుగు వచ్చాయి. ఇద్దరు ఔనంటే ఉంటుంది, ఇద్దరు కాదంటే పోతుంది. కార్యదర్శి గారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, మెతక. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ వైపు. శిల్పి గారికి డెబ్భై దాటాయి. చేతులు మాత్రం తాపీమేస్త్రీ చేతుల్లా ఉంటాయి. పూల గుత్తులు, గుర్రాలు, సూర్యాస్తమయాలు ఒక్కొక్కటే పోతున్నాయి, కొన్ని ఉంటున్నాయి. నా మాట విన్నారు. బాగుంది. చాలా రోజులకి బాగుంది.

ముప్పై ఒకటో నంబరు బల్ల మీదికి వచ్చింది.

ఫోటో. వెనక నుంచి తీసింది. కింద గచ్చు మీద బుద్ధుడు, వీపు మనవైపు. ఆయన ఎదురుగా గుడ్డ కప్పిన కాన్వాసుతో పెద్ద ఈజిల్, మసగ్గా, కొండంత. ఆ గుడ్డ వంక చూస్తూ కూర్చున్నాడు, సినిమా మొదలవ్వడానికి ముందు తెర వంక చూసే పిల్లాడిలా. మసగ్గా ఉన్నా గుడ్డ ఆకుపచ్చదని తెలుస్తోంది. కింది మూల గోధుమరంగు మచ్చ.

తల కొట్టేసినట్టయింది. నా ఇల్లు. నా కాన్వాసు. నా మూడేళ్ళు. ఊరందరి ముందు పెట్టి నవ్వుతోంది అనుకున్నాను.

కార్యదర్శి గారు పగలబడి నవ్వారు. "పాపం, ఎప్పుడు తెరుస్తారా అని కూర్చున్నాడు చూడండి!"

శిల్పి గారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి, ఫోటో ముక్కుదాకా తెచ్చుకుని చూసి, మెల్లగా అన్నారు. "ముప్పై ఏళ్ళుగా బుద్ధుణ్ణి రాతిలో చెక్కుతున్నాను. వీపులో ఈ ఓపిక ఒక్కసారీ నాకు పట్టుబడలేదు. ఇది నాకు కావాలి. గోడ మధ్యలో పెట్టాలి."

"మాస్టారూ, మీరేమంటారు?" అన్నారు కార్యదర్శి గారు.

ఆ ఫోటో మా ఇంట్లోది, నేను ఓటు వేయకూడదు, అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. నా నోట వచ్చింది ఇది.

"కోట్లమంది కొలిచే మూర్తి. ఆయన్ని ఇలా ఆటబొమ్మని చేసి నవ్వించడం ఏం కళండీ? రేపు ఎవరైనా మనసు కష్టపెట్టుకుంటే జవాబు మనమే చెప్పాలి."

కార్యదర్శి గారి నవ్వు ఆగిపోయింది. "ఔనౌను, అదొకటుంది" అన్నారు గాభరాగా.

శిల్పి గారు నా వంక చూశారు. "మీరు కొలుస్తారా ఆయన్ని?"

"నా సంగతి కాదండీ, పదిమంది సంగతి."

"పదిమందిని అడిగి చూద్దాం మరి."

"అసలు ఫోటోగా కూడా బలహీనం" అన్నాను. "సగం బొమ్మ మసగ్గా ఉంది."

ఇద్దరు కాదన్నారు. పోయింది. ముప్పై రెండో నంబరు ద్రాక్షపళ్ళు.

ఏప్రిల్ 14, ఆదివారం

మూర్తికి ఒక మర్యాద ఉంటుంది. నేను చెప్పింది తప్పేం కాదు.

ఏప్రిల్ 17, బుధవారం

నేను చెప్పింది తప్పేం కాదు. పైగా అది నిజంగానే మసగ్గా ఉంది.

ఏప్రిల్ 22, సోమవారం

స్కూలు నుంచి వచ్చేసరికి తను కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో గోధుమరంగు కవరు.

"మీకు చెప్పకుండా ఒక పని చేశాను" అంది. "టౌన్‌హాల్‌కి ఒకటి పంపాను. తీసుకోలేదు."

"అరె" అన్నాను. ఆ 'అరె' ఎంత బాగా పలికానో.

"మీకు ముందే చెబితే మొహమాటపడి నాకోసం ఓటేస్తారని చెప్పలేదు. పెద్దాయన వీపేగా కనబడేది, గుడ్డా మసగ్గానే ఉందిగా, గుర్తుపట్టరులే అనుకున్నా. ముప్పై ఒకటో నంబరు. చూశారా?"

"అరవై నాలుగు వచ్చాయి. అన్నీ గుర్తుండవు."

ఫోటో నా చేతికిచ్చింది. నేను మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.

"ఎందుకు తీసుకోలేదంటారు? పాడు చేశానని చెప్పండి, ఏమీ అనుకోను. మీకు తెలుసు కదా, నాకు తెలియదు."

అప్పుడైనా చెప్పాల్సింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, జేబులోంచి పెన్ను తీసి, ఎక్కడ భారం ఎక్కువైందో, ఎక్కడ చూపు జారిపోతోందో, బుద్ధుడు ఎందుకు రెండు వేళ్ళు ఎడంగా ఉండాలో పావుగంట పాఠం చెప్పాను. శ్రద్ధగా వింది. వెనక బెంచీ పిల్లలా తల ఊపింది. మధ్యలో "అవునా? నాకు తట్టనే లేదు" అంది.

ఆఖర్న ఫోటో కవర్లో పెట్టుకుని, "పోన్లెండి. మనకి రాని పని" అని లేచి వెళ్ళి బియ్యం కడిగింది.

ఏప్రిల్ 27, శనివారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఫ్రిజ్ తీస్తే గుడ్లే ఉన్నాయి. రెండు గంటలు పనిచేశాను. నీలం మీద బూడిదరంగు. ఆ తర్వాత గుడ్డతో తుడిచేశాను.

మే 1, బుధవారం

పెద్దాయన పైఅరలో, వాడని కప్పుల వెనక ఉన్నాడు. తలకాయ మాత్రం కనబడుతోంది.

పిడుగు నాతో మాట్లాడటం లేదు. ఎందుకని గద్దిస్తే ఏడుపు గొంతుతో అరిచింది. "అమ్మ ఫోన్‌లో ఫోటోలన్నీ తీసేస్తోంది నాన్నా! బస్టాపుదీ తీసేసింది. నువ్వేం చెప్పావ్ తనకి?"

"పాఠం చెప్పాను."

"నీ పాఠం ఎవరు అడిగారు?"

తనే అడిగింది, అన్నాను. నిజమే కదా, తనే అడిగింది.

ఒకటి ఒప్పుకుంటాను. తను తీసేస్తోందని విన్నప్పుడు గుండెలో ఎక్కడో ఒక ముడి వదులైంది. హాయి అనిపించింది. ఆ హాయిని చూసి నాకే భయం వేసింది.

మే 5, ఆదివారం

పాత పేపర్లవాడు వస్తాడని తను కట్టలు కడుతోంది. ఒక కట్టలో ఆ గోధుమరంగు కవరు కనబడితే బయటికి లాగాను. ఫోటో తిరగబడి పడింది. వెనక పెన్సిల్‌తో, తన గుండ్రటి అక్షరాలతో ఒక మాట.

తొందరేం లేదు.

"ఏంటిది?" అన్నాను.

"శీర్షిక. పెట్టమన్నారుగా." దారం పంటితో తెంపింది. "మీ బొమ్మ గురించే. రోజూ గుడ్డ తీసి, చూసి, ముఖం చిన్నబుచ్చుకుని కప్పేస్తారు కదా. నాకు అనాలని ఉండేది, ఎప్పుడు వస్తే అప్పుడే వస్తుందిలెండి, మాకేం తొందర అని. నేనంటే మీకు కోపం వస్తుంది. అందుకని పెద్దాయనతో అనిపించాను."

కట్ట పక్కకి జరిపి ఇంకో కట్ట కట్టడం మొదలుపెట్టింది.

కవరు తీసి నా సంచిలో పెట్టుకున్నాను. తను చూసింది.

మే 6, సోమవారం

చెప్పేశాను.

పిడుగు వేసవి క్లాసుకి వెళ్ళాక, తను అన్నం డబ్బా సర్దుకుంటుండగా చెప్పాను. రెండు మూడు సార్లు మొదలుపెట్టి దగ్గాను. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ముప్పై ఒకటి నీదని నాకు ఆ రోజే తెలుసు. శిల్పి గారు కావాలన్నారు. గోడ మధ్యలో పెట్టాలన్నారు. నేనే వద్దన్నాను."

డబ్బా మూత పెడుతున్న చెయ్యి ఆగింది. "మీకు నచ్చలేదా?"

"నచ్చింది."

"మరి?"

"నచ్చింది కాబట్టే."

అర్థం కావడానికి తనకి కొంచెంసేపు పట్టింది. నా భార్య మనసులోకి అలాంటి ఆలోచన అంత సులువుగా రాదు. వచ్చాక ముఖంలో రంగు పోయింది.

"ఎన్ని రోజులైంది?"

"ఇరవై మూడు."

"పెన్ను తీసి పాఠం చెప్పారు" అంది. "రెండు వేళ్ళు ఎడంగా పెట్టాలన్నారు. నేను మర్నాడు ఫోటో మీద వేళ్ళు పెట్టి కొలుచుకున్నాను, నిజమే కాబోలని."

క్షమించమన్నాను. విన్నదో లేదో. డబ్బా బ్యాగులో పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా వంక చూడకుండా అంది. "తిట్టినా బాగుండేది. బాగాలేదని ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. మీరు చెప్పారని నమ్మాను."

మే 7, మంగళవారం

కార్యదర్శి గారికి ఉత్తరం రాసి, పొద్దున్నే టౌన్‌హాల్‌లో ఇచ్చొచ్చాను. ముప్పై ఒకటో నంబరు నా భార్యదనీ, తెలిసీ ఓటేశాననీ, చెప్పిన కారణం నిజమైన కారణం కాదనీ రాశాను. సంఘంలోంచి తప్పుకున్నాను.

ఆయన వెంటనే ఫోన్ చేశారు. "ఎందుకండీ మాస్టారూ ఇవన్నీ? ఆరోగ్యం బాగాలేదని రాయండి, చాలు. కార్డులు అచ్చయిపోయాయి, ఇప్పుడు కొత్తగా కలపడం కుదరదు."

"కలపకపోయినా సరే, ఉత్తరం మాత్రం శిల్పి గారికి చూపించండి" అన్నాను.

మే 12, ఆదివారం

తను మాట్లాడుతోంది. "కూర వేసుకోండి." "గ్యాస్ వచ్చింది." "పిడుక్కి జ్వరంలా ఉంది." అంతే.

మే 19, ఆదివారం

శిల్పి గారు ఇంటికొచ్చారు. తలుపు తీసింది నేనే. నన్ను ఎగాదిగా చూసి "మీ ఆవిడ ఉందా?" అన్నారు. ఉందన్నాను. లోపలికి వెళ్ళిపోయారు.

నేను వంటింట్లో టీ పెడుతూ విన్నాను. చెరిపేసిన ఫోటోలు మళ్ళీ తీయమంటున్నారు. తను కుదరదంటోంది. బస్టాపు ఆవిడ మళ్ళీ ఆ భంగిమలో నిద్రపోదు కదా అంటోంది. "అయితే కొత్తవి తియ్యి. ఎన్ని తీస్తావో తియ్యి. నా పని గదిలో ఒక గోడ ఖాళీగా ఉంది, రాతిబొమ్మల ఎదురుగా పెడదాం. మావాళ్ళు మరీ బిగుసుకుపోయారు, కాస్త నీవాణ్ణి చూసి నేర్చుకుంటారు."

తను నవ్వింది. నెల తర్వాత ఆ నవ్వు విన్నాను. నేను తెప్పించిన నవ్వు కాదు.

టీ ఇస్తుంటే శిల్పి గారు నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, "ఉత్తరం చదివాను" అన్నారు.

మే 28, మంగళవారం

పైఅరలో పెద్దాయన లేడు.

అసూయ పోయిందని రాయాలని ఉంది. పోలేదు. నిన్న తను, పిడుగు ఫోన్ మీద తలలు ఆనించి నవ్వుతుంటే కడుపులో పాత మంట లేచింది. కాకపోతే ఇప్పుడు దానికి మర్యాద, భక్తి అని పేర్లు పెట్టడం లేదు. మంటని మంట అనే అంటున్నాను.

నాకు మాత్రం చూపించడం లేదు. ముందు మీరు చూడాలి అనే మాట ఇక ఉండదు. అది అడిగి తెచ్చుకునేది కాదు.

జూన్ 9, ఆదివారం

పిడుగు స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. పదకొండున్నర ప్రాంతంలో తను బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఖాళీగా ఉన్నారా?"

ఉన్నానన్నాను.

"గొడుగు పట్టుకోవడానికి మనిషి కావాలి."

వీధి చివర మందుల షాపు ముందు బరువు చూసుకునే మిషను ఉంది. పాతది, గుండ్రటి అద్దం వెనక ముల్లు తిరిగేది. షాపతన్ని అడిగి, తను మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళు పెట్టే పలక మీద పెద్దాయన్ని కూర్చోబెట్టింది. రెండుసార్లు తిప్పింది. లేపి, పలక తన చున్నీ అంచుతో తుడిచి, మళ్ళీ కూర్చోబెట్టింది. ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు. వెనక ఒక ముసలాయన తన వంతు కోసం నిలబడ్డాడు. పలక మీద ఎవరున్నారో చూసి, "పర్లేదమ్మా, ఆయన్ని చూసుకోనీ ముందు" అన్నాడు.

ఎండ అద్దం మీద పడి అంకెలు కనబడటం లేదు. నేను గొడుగు విప్పి అద్దానికి అడ్డంగా పట్టుకున్నాను. ముల్లు కనబడింది, సున్నా కనబడింది. తను ఫోన్ ఎత్తింది, దించింది.

అద్దం ఎక్కడ మెరుస్తుందో, ఎక్కడినుంచి తీస్తే బాగుంటుందో నాకు తెలుస్తూనే ఉంది. నాలుగు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

"మీ నీడ ఆయన మీద పడుతోంది" అంది తను. "గొడుగు అక్కడే ఉంచండి. మీరు జరగండి."

చెయ్యి చాపి, గొడుగు అక్కడే ఉంచి, జరిగాను.